కర్రలు తీసేదాకా

నా వంటింట్లో కొత్త స్లాబుకు ఆసరాగా ఇరవై ఎనిమిది సెంట్రింగు కర్రలు నిలబడి ఉన్న రోజుల్లోనే నేను మా సంఘానికి ఫిర్యాదు రాశాను. తెల్లకాగితానికి మార్జిను గీసి, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసి, చదువుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను. విజయనగరం నుంచి రాయగడ పోయే రోడ్డు మీద పాతికేళ్లకు పైగా బస్సు కండక్టరుగా పనిచేస్తున్నదాన్ని. నేను జరగమన్నవాళ్లు జరిగారు, దిగమన్నవాళ్లు దిగారు. ఒక తాపీమేస్త్రి నాకో లెక్కా అనుకున్నాను.

మాది గజపతినగరం. తాతల నాటి నుంచి మాది బాప్టిస్టు కుటుంబం. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. అంటే ఆరాధన చివర రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. ఆ రొట్టె మా ఇంట్లోనే కాలుతుంది. ముందు మా అమ్మ కాల్చేది. అమ్మ పోయాక ఆ పెనం నాకొచ్చింది, పెనంతోపాటు ఆ పనీ వచ్చింది. రొట్టె కాల్చే శనివారం వంటింట్లో చేప వండకూడదని అమ్మ పెట్టిన నియమం ఒకటుంది. పడుకునే గదిలో ఆ పిండి కలపకూడదని ఇంకొకటి. ఎవరూ రాసిపెట్టినవి కావు, అయినా నేను ఏనాడూ తప్పలేదు. డ్యూటీ వేళలు మార్పించుకుని మరీ ఆ శనివారాలు ఇంట్లో ఉండేదాన్ని.

ఆ వంటిల్లు పెంకులది. వానొస్తే నాలుగుచోట్ల గిన్నెలు పెట్టాలి. పెంకులు దింపి స్లాబు వేయిద్దామని ఈ వేసవిలో నిశ్చయించాను. మా ఆయనకు జిరాక్సు కొట్టు ఉంది, ఆయన అలాంటి వాటికి అడ్డు చెప్పే మనిషి కాదు. ఎవరికివ్వాలన్న ఆలోచనే రాలేదు. మా సంఘంలోనే మేస్త్రి ఒకడున్నాడు, చిన్నచిన్న కాంట్రాక్టులు పట్టుకుంటాడు, నలుగురు మనుషులున్నారు. పైగా నా సండేస్కూలు పిల్లాడు. పదేళ్లప్పుడు ప్రార్థన మధ్యలో నవ్వినందుకు బెంచీ ఎక్కించాను. ఇప్పుడు ముప్పై ఐదేళ్లొచ్చి మీసం పెంచినా, నన్ను చూస్తే మాత్రం బెంచీ ఎక్కినట్టే నిలబడతాడు. నన్ను పిన్ని అంటాడు. బయానా ఇచ్చి పని అప్పజెప్పాను.

స్లాబు పోసిన రోజు మాత్రం నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే రోజుల్లో ఒకటి. స్లాబు రోజు ఇంటివాళ్లు పనివాళ్లందరికీ భోజనం పెట్టాలి, అది మా వైపు పద్ధతి. చాలామంది హోటల్ నుంచి పొట్లాలు తెప్పించేస్తారు. నేను అలా చెయ్యలేదు. వంటిల్లు లేదు కాబట్టి పెరట్లో మూడు రాళ్లు పెట్టి, పద్దెనిమిది మందికి కోడికూర, అన్నం, చారు నేనే వండాను. వాళ్లు రెండోసారి, మూడోసారి అడిగి తిన్నారు. తర్వాత డేగిసాలన్నీ వంటింటి వెనక మెట్టు మీదే కూర్చుని బూడిదతో తోమి కడిగాను. మేస్త్రి ఒకటికి రెండుసార్లు నా వైపు చూసి ఏదో అనబోయి, మళ్లీ పైకెక్కిపోయాడు. సాయమొస్తానంటాడేమోనని, నువ్వు నీ పని చూసుకోరా అని నేనే కసిరాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి స్లాబు మీద మడులు కట్టాడు. సిమెంటు గట్టిపడడానికి వరిమడిలో లాగే గట్లు కట్టి నీళ్లు నిలబెడతారు. నీళ్లు పెట్టి, చాలాసేపు పైనే కూర్చున్నాడు. దిగి వచ్చి, రోజూ రెండుపూటలా నీళ్లు పెట్టమని నాకు చెప్పి వెళ్లాడు. అంతే. మూడు వారాలకు కర్రలు తియ్యాలి. నాలుగు వారాలైంది, ఐదైంది, మనిషి లేడు. నేను మాత్రం నిచ్చెనెక్కి నీళ్లు పెడుతూనే ఉన్నాను. ఎంత పోసినా నీళ్లు వెనక మూలకే చేరేవి. నీళ్లన్నాక ఎక్కడో ఒకచోట చేరతాయి కదా అనుకున్నాను.

ఫోన్లు మొదలుపెట్టాను. మోగేది, ఎత్తేవాడు కాదు. వాయిస్ మెసేజీలు పెట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను, సండేస్కూలు టీచరు నోట రావాల్సినవైతే కావు. ఇంకో మేస్త్రిని పిలిస్తే, గుమ్మంలోంచే ఆ కర్రల అడవిని చూసి వెనక్కి తిరిగాడు. రెండోవాడు లోపలికొచ్చాడు కానీ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. "ఎవుడు నిలబెట్టిన కర్ర ఆడే తియ్యాలమ్మా" అన్నాడు. కర్ర తీశాక స్లాబుకు ఏమైనా అయితే ఆ పేరు తీసినవాడి మీదకే వస్తుందట. ఎంత ఇస్తానన్నా ఎవరూ ముట్టలేదు.

వంట వసారాలోకి మారింది. రాత్రి పడకలు కూడా అక్కడే కాబట్టి, ఆ నెల బల్లకు రొట్టె పక్కింటివాళ్ల పొయ్యి మీద కాల్చాను. వాళ్లు పొద్దున చేపలు వేయించినట్టున్నారు, ఎంత తుడిచినా వాసన పోలేదు. ఆదివారం రొట్టె నోట్లో పెట్టుకుంటే నాకు ఆ వాసనే తగిలింది. ఇంకెవరికీ తగిలినట్టు లేదు. కానీ నాకు తగిలింది, ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీశాను. మా ఆయన, ఒకసారి వాళ్లింటికి వెళ్లి అడగరాదా అన్నాడు. వాడి గుమ్మం నేనెక్కుతానా అన్నాను. వాళ్లమ్మ ఉండేది మాకు మూడు వీధుల అవతలే.

మా సంఘంలో క్రమశిక్షణ అంటే ఉత్త మాట కాదు. సభ్యుడు తాగి గొడవ చేసినా, ఇచ్చిన మాట తప్పినా, పెద్దలు బుధవారం ప్రార్థన అయ్యాక కూర్చుని విచారిస్తారు. తప్పు తేలితే ఇన్ని నెలలని బల్ల నుంచి ఆపుతారు. రొట్టె పళ్లెం వాడి ముందునుంచి వెళ్లిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్లందరూ చూస్తారు. పోలీసు కేసైనా తట్టుకుంటారు కానీ అది తట్టుకోలేరు. నాకు కావలసిందీ అదే.

బుధవారం పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. నడిపించేది పెద్ద డీకను. ఆయన రోడ్ల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి, వరసకు నాకు మేనమామ. మేస్త్రికి కబురు పంపినా రాలేదు. నేను నిలబడి ఫిర్యాదు చదివాను. అచ్చం టికెట్లు కొట్టినట్టు గడగడా చదివాను. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆడింటికి ఎల్లినావా అమ్మీ?" అన్నాడు.

నలభైసార్లు ఫోను చేశానని చెప్పాను.

"ఫోను కాదు. గుమ్మం కాడికి ఒక్కదానివే ఎల్లినావా?"

అడ్డంగా తలూపాను. మా సంఘంలో అందరికీ తెలిసిన నియమం అది. నీకు ఒకడి మీద బాధ ఉంటే ముందు నువ్వొక్కడివే వెళ్లి వాడితో మాట్లాడాలి. వినకపోతే ఇద్దరిని తీసుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందుకు రావాలి. నేను పిల్లలకు మూడు వేళ్లు చూపించి ఇది నేర్పేదాన్ని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అని. ఆ మేస్త్రికి కూడా నేనే నేర్పాను. ఇప్పుడు మొదటి రెండు వేళ్లూ దాటేసి తిన్నగా మూడోదాని దగ్గరికొచ్చి నిలబడ్డాను.

ఇంకో మాట కూడా ఉంది, అదీ నేను మర్చిపోయాను. ఇద్దరి మధ్య ఫిర్యాదు నడుస్తుండగా ఆ ఇద్దరికీ బల్ల ఉండదు. పెద్ద డీకను ఆ మాట మెల్లగానే చెప్పాడు. బల్ల దగ్గరికి రానిదాని చేత రొట్టె చేయించడం బాగోదనీ, వచ్చే నెల తన కోడలు చేస్తుందనీ అన్నాడు. తల కొట్టేసినట్టయింది. అమ్మ కాలం నుంచి ఆ పని మా ఇల్లు దాటింది లేదు. ఒకసారి ఇంకో ఇంటికి వెళ్లిన పని మళ్లీ తిరిగొస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు.

ఆ రాత్రే ఆ మూడు వీధులూ దాటి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. కొడుకు కళింగపట్నంలో ఉన్నాడని, సముద్రం ఒడ్డున ఎవరిదో గెస్ట్‌హౌసు ప్రహరీ కడుతున్నాడని ఆవిడ దాచకుండా చెప్పింది. ఒక్క అడుగు వేస్తే తెలిసే సంగతికి నేను నలభై ఫోన్లు చేశాను.

నా వారపు సెలవు రోజున బయల్దేరాను. విజయనగరంలో ఒక బస్సు, శ్రీకాకుళంలో ఇంకో బస్సు మారాలి. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి కూర్చోడానికి చోటూ లేదు. నిలబడే, వాడిని ఏమేం అనాలో వరసగా కూర్చుకున్నాను. మొదటి మాట ఏది, చివరి మాట ఏది, ఎక్కడ గొంతు పెంచాలి, అన్నీ సిద్ధం. దిగేసరికి మధ్యాహ్నమైంది. ఎండబెట్టిన చేపల వాసన ఊరి మొదట్లోనే ఎదురొచ్చింది.

వాడు కాంట్రాక్టరుగా లేడక్కడ. ఎవరి కిందో రోజుకూలికి ఇటుక పేరుస్తున్నాడు. నన్ను చూసి తాపీ చేతిలోంచి జార్చేశాడు.

"ఏటిరా, పారిపోవా?" అన్నాను.

"ఇంకెటు పోతాను పిన్నీ, ఎదర సముద్రమే ఉన్నాది" అన్నాడు.

చేతులు కడుక్కొచ్చి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇసకలో వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే కోపం తగ్గుతుందని నాకు తెలుసు. ఎందుకొదిలేశావో చెప్పమన్నాను. వాడు కాలితో ఇసక గీస్తూ చెప్పాడు. స్లాబు వెనక మూల రెండు వేళ్ల మందం దిగిపోయిందట. పోసిన రోజే, సాయంత్రానికే దిగిందట. మర్నాడు మడుల్లో నీళ్లు పెడితే అన్నీ ఆ మూలకే చేరాయట. ఆ మూల కర్ర కింద చెక్కపలక వెయ్యలేదు, పలకలు చాల్లేదు, మట్టి గట్టిగానే ఉంది కదా అని వదిలేశాడు. ఆ తప్పు తనదేనన్నాడు.

"మట్టి గట్టిగా ఉంటే మరెందుకు దిగినాది?" అన్నాను.

"తడిసిపోనాది పిన్నీ."

ఆ వారమంతా చినుకు పడలేదు. ఆ మాటే అన్నాను. వాడు తలెత్తలేదు.

"నువ్వు డేగిసాలు కడిగినావు కదా" అన్నాడు. "ఆ నీళ్లన్నీ ఆ కర్ర కిందకే ఎల్లిపోనాయి."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత వెనక మెట్టు కళ్లముందుకొచ్చింది. పద్దెనిమిది మంది తిన్న గిన్నెలు, బిందెలకు బిందెల నీళ్లు, నా బూడిద, నా గొప్ప. వాడు రెండుసార్లు నా వైపు చూడడం, నేను కసరడం.

"అప్పుడే సెప్పొచ్చు కదరా."

"కడుపునిండా అన్నం ఎట్టి, ఆ గిన్నెలే కడుగుతన్నావు. ఆపమని ఎలగ సెప్తాను? తరవాత సెప్దామంటే బయ్యమేసినాది. నువ్వు నలుగుర్లో కడిగేస్తావని."

కడిగేసేదాన్నే. అందులో సందేహం లేదు. నువ్వు పలక వెయ్యక, నా అన్నం తిని నన్నే అంటావా అని వీధంతా వినబడేలా అరిచేదాన్ని. పొద్దున్నుంచి కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. సిగ్గేసింది. కుర్చీలో కూర్చున్నాను.

పెద్దల ముందుకొచ్చి ఇదంతా చెప్తావా అని అడిగాను. పలక మాట చెప్తానన్నాడు. నీళ్ల మాట చెప్పడట. చెప్తే అది నా మీదకి వస్తుందట. తనను ఎన్నాళ్లు ఆపినా పర్వాలేదన్నాడు. పదిమందిలో ఈ మాట వాడి నోట ఎన్నటికీ రాదు. నేనొక్కదాన్నే వెళ్లాను కాబట్టి వచ్చింది. మూడు వేళ్లలో బొటనవేలు ఎందుకు ముందుందో ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన నాకు ఆ ఇసకలో తెలిసింది.

"నీళ్ల మాట నేను సెప్తాన్లే. నువ్వు సామాను సర్దుకో" అన్నాను.

తర్వాతి బుధవారం ఇద్దరం వెళ్లాం. పలక సంగతి వాడు చెప్పాడు. డేగిసాల సంగతి నేను చెప్పాను. ఫిర్యాదు చదివినంత గడగడా రాలేదు కానీ చెప్పాను. ఐదుగురు పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ భోజనం గురించి నేను ఊరంతా చెప్పుకున్నాను మరి. పెద్ద డీకను మర్నాడు పొద్దున నీళ్లగొట్టం పట్టుకుని మా ఇంటికొచ్చి, స్లాబు మట్టం స్వయంగా చూశాడు. ఆ మూల కింద ఇటుక స్తంభం ఒకటి లేపి, పైన వాటం సరిచేస్తే నిలుస్తుందన్నాడు. మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఆయనే రాశాడు. మేస్త్రి తప్పు స్లాబు దిగడం కాదు, చెప్పకుండా వెళ్లిపోవడం. ఫిర్యాది తప్పు అడగకుండా రావడం. కర్రలు తీసేదాకా ఇద్దరికీ బల్ల లేదు.

మొదటి ఆదివారం వచ్చేసరికి స్తంభం సగమే లేచింది. నేనెప్పుడూ ముందు వరసలో కూర్చుంటాను. ఆరోజు వెనక బెంచీలో కూర్చున్నాను. వాడు అదే బెంచీలో ఆ చివర కూర్చున్నాడు. పళ్లెం మా బెంచీ దగ్గర ఆగలేదు. వెళ్తున్న పళ్లెంలోకి మెడ చాచి చూశాను. పెద్ద డీకను కోడలు రొట్టె బాగా చేసింది. పల్చగా, ఎక్కడా మాడకుండా, గీతలు సమానంగా ఉన్నాయి. బాగోకపోతే నాకు సుఖంగా ఉండేది, ఉన్నమాట చెప్తున్నాను. బయటికొచ్చాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, పిండి ఎంతసేపు నానాలి అక్కా అని అడిగింది. బాగుందే, అలాగే చెయ్యి అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

ఆ నెలంతా వాడు ఇంకెక్కడా పని ఒప్పుకోలేదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏ రోజు పని ఆ రోజు చూపించేవాడు. నాకు నచ్చనిది ఉంటే చెప్పేదాన్ని. వాడికి నచ్చనిది ఉన్నా చెప్పమన్నాను. మొదటి వారం నోరు తెరవలేదు. రెండో వారం, వెనక మెట్టు మీద గిన్నెలు కడగొద్దని చెప్పాడు. నాకు కోపమొచ్చింది. వచ్చినా, గిన్నెలు ఎత్తుకుని ముందు వైపుకు వెళ్లాను.

కర్రలు తీసింది తర్వాతి నెల మొదటి ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున. పెద్ద డీకను వీధి గుమ్మంలో నిలబడ్డాడు, నేను నడవలో నిలబడ్డాను. లోపలికి రావొద్దని మేస్త్రి గట్టిగానే అన్నాడు, అంత గట్టిగా వాడు నాతో మాట్లాడడం అదే మొదటిసారి. నడిమి కర్రలు ముందు తీశాడు. ఒక్కొక్కటి సుత్తితో తట్టి, వదులు చేసి, పడకుండా పట్టుకుని బయటికి ఇచ్చాడు. నేను లెక్కపెట్టాను. ఇరవై ఏడు వచ్చాక ఆగాడు. వెనక మూల కర్ర ఒక్కటే మిగిలింది. వాడు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నాకు ప్రార్థన మొదటి మాట కూడా గుర్తురాలేదు.

తట్టాడు. కదిలింది. తీశాడు. పైకప్పు మీద అందరి కళ్లూ ఉన్నాయి. సిమెంటు పొడి కూడా రాలలేదు. పెద్ద డీకను లోపలికొచ్చి, మూల నుంచి మూలకు చెయ్యి పెట్టి చూసి, తలూపి, ఇక నేను వెళ్తానమ్మీ అన్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. రేపటి రొట్టె సంగతి కోడలికి చెప్పలేదనీ, ఎవరు చేస్తారో ఏమిటోననీ నా వైపు చూడకుండా అన్నాడు.

మధ్యాహ్నానికి వంటిల్లు కడిగాను. పొయ్యి లోపల పెట్టాను. ఆ రోజు ఇంట్లోకి చేప రానివ్వలేదు. సాయంత్రం అమ్మ పెనం ఎక్కించి, పిండి కలిపి, పల్చగా ఒత్తి, చాకు వెనక వైపుతో గీతలు గీశాను. మేస్త్రి పెరట్లో కర్రలు కట్టలు కడుతున్నాడు, బండి వస్తే ఎత్తడానికి. పొద్దున్నుంచి వాడు ఏమీ తినలేదని నాకు తెలుసు. అన్నం పెడతానంటే పనయ్యాక అన్నాడు. రొట్టె కాలిన వాసనకు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

దించి గుడ్డ మీద పెడుతుంటే అంచున చిన్న ముక్క విరిగింది. వాడు చెయ్యి చాచాడు. ముప్పై ఐదేళ్లవాడు, పదేళ్లప్పటిలాగే చాచాడు. ఆ చేతి మీద ఒకటి వేశాను.

"రేపు" అన్నాను. "బల్ల కాడ తీసుకో."